చప్పట్ల పార్కులో నా రోగులు

చైనాలోని ఆ నగరంలో నాకు మొదటి రోజు చప్పట్లతో తెల్లవారింది.

మా హాస్టల్ గది ఆరో అంతస్తులో. కిటికీ తెరిస్తే కింద పార్కు, పార్కు అవతల పొగమంచులో సగం మునిగిన పెద్ద నది. చప్పట్లు ఆ పార్కులోంచే వస్తున్నాయి. ఒకరిద్దరివి కావు, గుంపంతా కలిసి ఒకే లయలో కొడుతున్నవి. తొంగి చూస్తే అందరూ ముసలమ్మలు. చేతులు పైకెత్తి, కొందరు కళ్ళు మూసుకుని, చప్పట్లు కొడుతూ వరుసగా నడుస్తున్నారు.

నేను పుట్టి పెరిగింది ఉద్దానంలో, పూండి దగ్గర, బాప్టిస్టు సంఘంలో. మా నాన్న సంఘ పెద్ద, ఆదివారం బడికి మేష్టారు. తెల్లవారుజామున చేతులెత్తి చప్పట్లు కొట్టే స్త్రీలను చూస్తే మావాళ్ళకి తోచేది ఒక్కటే. "ప్రభువా, ఇక్కడ కూడా నీ జనం ఉన్నారా!" అనుకున్నాను. చున్నీ తలమీద కప్పుకుని, లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్లన్నీ దూకుతూ దిగి, వరుస చివర చేరాను. కళ్ళు మూసుకుని వాళ్ళ లయలోనే చప్పట్లు కొడుతూ, మనసారా, గట్టిగా, "స్తోత్రం! స్తోత్రం!" అన్నాను.

చప్పట్లు ఆగిపోయాయి. కళ్ళు తెరిస్తే అందరూ నన్నే చూస్తున్నారు. ఎర్రటి దూది కోటు వేసుకున్న ఒక పొట్టి ముసలమ్మ దగ్గరికొచ్చి నా చేతులు రెండూ పట్టుకుంది. అరచేతులు తిప్పి చూసింది. వేళ్ళు వెడల్పుగా విడదీసి, తనే నా చేత చప్పట్లు కొట్టించింది. అలా కాదు, ఇలా కొట్టాలన్నమాట. అది ఆరాధన కాదని, వ్యాయామమని, అలా కొడితే ఒంట్లో రక్తం బాగా ఆడుతుందని వాళ్ళ నమ్మకమని నాకు తర్వాత తెలిసింది. కానీ నేను పలికిన స్తోత్రాన్ని వెనక్కి తీసుకోలేదు. అంత పెద్ద నదిని, దానిమీద అప్పుడే పొడుస్తున్న సూర్యుణ్ణి చూపించినవాడికి ఆ స్తోత్రం చెల్లాల్సిందే.

నా గదిలోనే ఉండే టెక్కలి అమ్మాయి కిటికీలోంచి ఇదంతా చూసింది. నేను పైకి రాగానే మొదలుపెట్టింది.

"వచ్చి ఒక్క రోజు అవ్వలేదు, అప్పుడే సంఘం పెట్టీసినావేటే! బాప్తీస్మాలు ఎప్పుడు? నది కూడా దగ్గిరే ఉంది."

"నవ్వు, నవ్వు. ముందు నిన్నే ముంచుతాను" అన్నాను.

వాళ్ళది రాజకీయాల్లో తిరిగే ఇల్లు. గణపతి బొమ్మను సూట్‌కేసులో బట్టల మధ్య జాగ్రత్తగా చుట్టి తెచ్చుకుంది. ఒకే బల్లమీద ఆ చివర ఆమె బొమ్మ, ఈ చివర నా గ్రంథం. మధ్యలో మా ఇద్దరి ఆవకాయ సీసా.

మేము వెళ్ళింది డాక్టరు చదువుకి. తరగతి పాఠాలు ఇంగ్లీషులోనే. కానీ మూడో ఏడు నుంచి ఆస్పత్రి వార్డుల్లోకి వెళ్ళాలి, అక్కడ మంచాలమీద ఉన్నవాళ్ళకు ఇంగ్లీషు రాదు. అందుకని రెండో ఏడు చివర ఒక పరీక్ష పెడతారు. నిజమైన రోగి ఎదుట కూర్చుని, చైనా భాషలో మాట్లాడి, అతని బాధేమిటో తెలుసుకుని, పక్కనున్న మేడమ్‌కు చెప్పాలి. అది తప్పితే వార్డు తలుపు తెరుచుకోదు. తోటివాళ్ళు ముందుకు వెళ్ళిపోతారు, మనం ఏడాదిపాటు బయటే. మా ముందు బ్యాచ్‌లో ఇద్దరు అలా ఆగిపోయి, చివరికి చదువే వదిలి ఇళ్ళకు వెళ్ళిపోయారు.

నాకు ఆ తలుపు తెరుచుకోవాలి. ఎందుకో ఉద్దానం వాళ్ళకు చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను, మా వీధిలో కిడ్నీ జబ్బు తొంగిచూడని ఇల్లు కావాలంటే వెతుక్కోవాలి. బయల్దేరే ముందు ఆదివారం సంఘమంతా నా తలమీద చేతులుంచి ప్రార్థించింది. ఆ చేతుల్లో సగం ఆ జబ్బున్న చేతులే. "మా కోసం ఎల్తన్నావమ్మా" అని ఒక పెద్దమ్మ నా చెవిలో అంది. ఏడాది ఆగడమంటే నాకు ఆ చెవిలో మాటే గుర్తొచ్చేది.

అయినా మొదటి నెలల్లో భయం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. రోజూ ఏదో ఒక వింత. రాత్రి అమ్మకు ఫోన్ చేస్తే ఊపిరి తీసుకోకుండా చెప్పేదాన్ని.

ముందు వేడినీళ్ళు. బడిలో, బ్యాంకులో, రైలు పెట్టెలో, ఎక్కడ చూసినా వేడినీళ్ళ కుళాయి. ప్రతివాడి చేతిలో ఒక ఫ్లాస్కు. దగ్గొచ్చిందా, వేడినీళ్ళు తాగు. కడుపు నొప్పా, వేడినీళ్ళు తాగు. ఇంటిమీద బెంగా? అదే మందు. కిడ్నీ జబ్బు నీళ్ళవల్లేనేమోనని, గ్లాసు ఎత్తే ముందు వాటిని అనుమానంగా చూసే ఊరినుంచి వచ్చినదాన్ని. ఆ కుళాయిల ముందు నిలబడితే నాకు గుండె నిండిపోయేది.

తర్వాత రోడ్డు. బళ్ళన్నీ కరెంటువి, చప్పుడుండదు. కాశీబుగ్గ జంక్షన్‌లో హారన్లు విని ప్రాణం కాపాడుకోవడం నేర్చినదాన్ని. ఇక్కడ బండి వెనకనుంచి దయ్యంలా వచ్చి మోచేయి రాసుకుంటూ పోతుంది. చలికాలంలో ఆ స్కూటర్లకు ముందువైపు చేతులున్న బొంతలు తొడుగుతారు. ఊరంతా మంచం దిగకుండానే ఆఫీసులకు బయల్దేరినట్టుంటుంది.

ఎండ కాసిన రోజైతే ఇక చూడాలి. చెట్లమీద, గోడలమీద, ఆగి ఉన్న కార్లమీద, అన్నిచోట్లా బొంతలు ఆరేస్తారు. చలికాలం మొదట్లో బాల్కనీల్లో ప్యాంట్ల పక్కన ఉప్పు పట్టించిన చేపలు వేలాడతాయి. మొదటిసారి ఆ వాసన తగిలినప్పుడు వీధి మధ్యలో ఆగిపోయాను. మా వజ్రపుకొత్తూరు సముద్రపు ఒడ్డున ఇసుకమీద ఎండే చేపల వాసన! టెక్కలి అమ్మాయి ముక్కు మూసుకుని పరుగెత్తింది. నేను ఆ బాల్కనీ కిందే నిలబడి కడుపారా పీల్చాను.

ఒకసారి చైనా భాష చెప్పే మేడమ్ మమ్మల్ని భోజనానికి తీసుకెళ్ళింది. గుండ్రటి బల్ల, దాని మధ్యలో తిరిగే గాజు పళ్ళెం, దానిమీద కూరలన్నీ. నా ముందు టమాటా, గుడ్డు కూర ఉంది. ఇది తినొచ్చు అనుకుని, కళ్ళు మూసుకుని, తల వంచి ప్రార్థన చేసుకున్నాను. కళ్ళు తెరిస్తే నా ముందు చేప తల! సరే, దేవుడిచ్చిందే కదా అని మళ్ళీ కళ్ళు మూసుకుని దానికోసం ఇంకో ముక్క ప్రార్థన కలిపాను. తెరిస్తే ఈసారి బాతు కాళ్ళు. మేడమ్ ముఖంలో కంగారు. వంటకం నచ్చక చూడలేకపోతున్నాననుకుని, నేను కళ్ళు మూసినప్పుడల్లా పాపం పళ్ళెం తిప్పుతోంది.

"ఇంకోసారి ముయ్యే, అటేపు రొయ్యలున్నాయి, ఇటేపు వచ్చీసేలా సెయ్యి" అని టెక్కలి అమ్మాయి నా చెవిలో గొణిగింది.

ఆదివారాలు నదికి అవతల ఒక హోటల్ మేడమీద విదేశీయుల కూడిక జరిగేది. పాస్‌పోర్టు చూపించి లోపలికి వెళ్ళాలి. ఆఫ్రికా అన్నలు, ఫిలిప్పీన్స్ అక్కలు, కొరియా తాతలు వచ్చేవారు. మా గ్రంథంలోని, మనుషులు ఆకాశమంత గోపురం కట్టబోతే దేవుడు భాషలు తారుమారు చేసిన కథ చిన్నప్పుడు విన్నప్పుడు అది శిక్షనే అనుకున్నాను. ఆ మేడమీద నలుదిక్కుల నాలుకలూ ఒకే పేరును స్తుతిస్తుంటే విన్నాక, ఆ శిక్షను కూడా ఆయన పండుగ చేయగలడని నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఇక చదువు సంగతి. కొత్త మాటలు నేర్చుకోవడానికి నాకు తెలిసిన దారి ఒకటే, మా నాన్న ఆదివారం బడి దారి. మా బడిలో వచనం చెప్పేటప్పుడు నిటారుగా నిలబడాలి, చేతులు వెనక కట్టుకోవాలి, చూపు పైన దూలం మీద ఉండాలి. వచనం చెప్పి, చివర అధ్యాయం, వచనం సంఖ్య చెప్పాలి. సంఖ్య చెప్పకపోతే వచనం వచ్చినట్టు కాదు, బహుమతి లేదు. నాకెప్పుడూ బహుమతి తప్పలేదు. చైనా భాష పుస్తకాన్నీ అలాగే పట్టాను. పాఠం తర్వాత పాఠం, వాక్యం తర్వాత వాక్యం, రాగం తీసి, ఒక్క తప్పు లేకుండా. తరగతిలో నాకంటే ఎక్కువ వాక్యాలు వచ్చినవాళ్ళు లేరు. ఇక పరీక్షకు భయమేముంది?

పార్కుకి మాత్రం రోజూ వెళ్తూనే ఉన్నాను. ఎర్రకోటు ముసలమ్మను అందరూ ఆయి అని పిలిచేవారు. వాళ్ళ భాషలో పిన్నిలాంటి పిలుపు. మందస దగ్గర ఒడియా ఇళ్ళలో అమ్మమ్మను అలాగే పిలుస్తారు కాబట్టి నాకు నోరు బాగా తిరిగింది. ఆ ముసలమ్మలు మాట్లాడేది పుస్తకంలోని భాష కాదు. పుస్తకం నాలుక మడిచి పలకమన్నచోట వాళ్ళు మడవరు, మెత్తగా 'స' అనేస్తారు. హైదరాబాద్ పిల్లలు అదేం భాషని తలలు పట్టుకున్నారు. మాకు అదొక వింతా! వాళ్ళ మాట నా చెవికి మా ఊరి మాటలాగే పడింది. అందుకే ఇక్కడ కూడా అలాగే రాస్తున్నాను.

"రోజూ వత్తన్నావు, నీకేటి కావాలే గుంటా?" అని ఒకరోజు ఆయి అడిగింది.

"పరీక్ష ఉంది ఆయీ. రోగుల్ని ప్రశ్నలడగాలి. సాధన చెయ్యడానికి నాకు రోగులు లేరు" అన్నాను.

ఆయి వెనక్కి తిరిగి చేతులెత్తి కేకేసింది. "ఒలే! ఈ గుంటకి రోగులు కావాలంట!"

అంతే, చప్పట్లు మానేసి అందరూ వచ్చేశారు. అంత సంతోషంగా రోగులు రావడం నేను తర్వాత ఏ ఆస్పత్రిలోనూ చూడలేదు.

"ముందు నా మోకాలు."

"నీ మోకాలి కథ ఊరందరికీ తెలుసు, అవతలికి జరుగు. నా గుండె సూడనీ."

"దానికి గుండేటి, గుండె ఉంటే నా గొడుగు ఇచ్చీను కాదా!"

నేను నిటారుగా నిలబడ్డాను. చేతులు వెనక కట్టుకున్నాను. ఎదురుగా ఉన్న చెట్టు కొమ్మమీద చూపు నిలిపి, రాగం తీసి అడిగాను. "మీకు ఎక్కడ నొప్పిగా ఉంది? నాలుగో పాఠం, ఏడో వాక్యం."

మోకాలు పట్టుకున్న ముసలమ్మ అడిగింది. "ఏడో వాక్యం అంటే ఏ ఎముకే?"

ఆ నవ్వులకు పార్కులో పావురాలు లేచిపోయాయి. అప్పటిదాకా నాకే తెలియదు, ప్రతి వాక్యం చివరా సంఖ్య చెబుతున్నానని. ఆ తర్వాత వాళ్ళకు అదొక ఆట అయిపోయింది. "నడుం నొప్పి, నలభయ్యో పాఠం!" అని ఒకరు, "పళ్ళు లేవు, పాఠమూ లేదు!" అని ఇంకొకరు. నాకూ నవ్వాగలేదు. కానీ ఆయి నవ్వలేదు.

"నువ్వు అడుగుతున్నది మమ్మల్నా, ఆ సెట్టునా?" అంది.

"మిమ్మల్నే ఆయీ."

"మరి సెట్టుకేసి సూత్తావేటి? నాను సమాదానం సెప్పీలోపు ఎనిమిదో దానికి ఎలిపోతన్నావు. అడిగినాక ఉండాల. కూకో."

బెంచీమీద కూర్చున్నాను. ఆ మాట చాలా గట్టిగా తగిలింది. నాకొచ్చిన వాక్యాలన్నీ అడగడానికే. ఒకరు జవాబు చెబితే ఏం చెయ్యాలో నాకు తెలియదు. ఆ సంగతి అంతవరకూ నా తలకెక్కనే లేదు. అలాగే పరీక్షకు వెళ్తే? ఆ రోజు మొదటిసారి వార్డు తలుపు నాకు మూసి కనిపించింది.

గదికొచ్చి మోకరించాను. ప్రభువా, నీ గ్రంథంలో నోరు తిరగనివాణ్ణి రాజు ముందుకు పంపినప్పుడు తోడుగా అతని అన్నను పంపావు, మరి నాకెవరిని పంపుతావని అడిగాను. నాకు ఆకాశంనుంచి స్వరమేమీ వినిపించలేదు. వినిపించింది మా ఊరి స్త్రీల కూడిక.

శుక్రవారం మధ్యాహ్నం జీడి మిల్లుల నుంచి ఆడవాళ్ళు నేరుగా మా ప్రార్థన గుడికొస్తారు. జీడిపిక్కల నూనెకు నల్లబడిన వేళ్ళు, చీర చెంగులకు అంటుకున్న పొట్టు. ఒకామె లేచి తన కష్టం చెప్పుకుంటుంది. తప్పిపోయిన మేకతో మొదలుపెడుతుంది. మేక దొరికిన సంగతి, ఆడపడుచు అన్న మాట, వాన కురవని సంగతి చెబుతుంది. ఎవరూ అడ్డు తగలరు. "అవునమ్మా" అంటారు, "అంతేనమ్మా" అంటారు, ఆమె ముఖంలోకి చూస్తూ కూర్చుంటారు. ఎప్పటికో, ఇక ముగించేస్తుందనుకున్నప్పుడు, పెనిమిటికి కాళ్ళు పొంగుతున్నాయన్న మాట బయటికొస్తుంది. దానికోసమే ఆమె లేచింది. ఆ తర్వాత చేసే ప్రార్థన చిన్నది, వినడమే పెద్దది. చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని, ఇది ఎప్పుడైపోతుందా అని చూసేదాన్ని. నాకు కావలసిన చదువు అక్కడే, అమ్మ చెంగు పక్కనే జరిగిపోయిందని ఆ రాత్రి తెలిసింది. లేచి గది అంతా తిరిగాను. టెక్కలి అమ్మాయిని కుదిపి లేపాను.

"దొరికిందే! దొరికింది!"

"ఏటి? ఆవకాయా?" అని అటు తిరిగి పడుకుంది.

మర్నాటి నుంచి పుస్తకం గదిలోనే ఉంచి వెళ్ళాను. బెంచీమీద ఆయి పక్కన కూర్చుని, ముఖంలోకి చూసి, ఒక్క ప్రశ్న అడిగి ఊరుకున్నాను. అవునమ్మా అనడానికి వాళ్ళ భాషలో ఒక చిన్న మూలుగు ఉంది, అది నేర్చుకున్నాను. అర్థం కాకపోతే "మళ్ళీ చెప్పండి" అన్నాను. సిగ్గుపడలేదు. మోకాలి ముసలమ్మది అసలు మోకాలి బాధ కాదు, కొడుకు ఐదో అంతస్తులో లిఫ్టు లేని ఇల్లు తీసుకున్నాడు. గుండె ముసలమ్మకు గుండె బాగానే ఉంది, కొత్త మందు పడలేదు. తనకేమీ లేదని రోజూ చెప్పే ఆయి కూడా వాన పడిన ఒకరోజు గొడుగు కింద నెమ్మదిగా చెప్పింది. ఒంట్లో చక్కెర ఉందట. కోడలికి తెలియకుండా బండిమీద కాల్చిన చిలగడదుంపలు తింటోందట.

"ఎవరికీ సెప్పకే."

"చెప్పను ఆయీ. కానీ తినకండి."

"సూడు, అప్పుడే డాకటరమ్మ అయిపోనాదీ" అని నా నెత్తిమీద ఒకటి కొట్టింది.

పరీక్ష రోజు వచ్చింది. చిన్న గది. గోడవైపు పరీక్ష పెట్టే మేడమ్, ఎదురుగా కుర్చీలో ఒక పెద్దాయన. చారల ఆస్పత్రి బట్టలు, కాళ్ళకు తన సొంత గుడ్డ బూట్లు. నేను కూర్చోగానే నేర్చుకున్న వాక్యాలన్నీ ఒక్కసారిగా నోటిదాకా వచ్చి పోటీపడ్డాయి. చూపు పైకి పోబోతుంటే బలవంతంగా కిందికి దించాను. అది ఆయన బూట్లమీద ఆగింది. మడమ దగ్గర వెనకభాగం మడతపెట్టి తొక్కి ఉంది, పాదం లోపల పట్టక. కిడ్నీ జబ్బుతో కాళ్ళు పొంగే మా మావయ్య చెప్పులు గుర్తొచ్చాయి. ఆయన కూడా పట్టీ విప్పేసి అలాగే ఈడ్చుకుంటూ నడుస్తాడు.

"తాతా, బూట్లు ఎప్పట్నించి బిగువయ్యాయి?" అని అడిగాను. ఆ వాక్యం ఏ పాఠంలోనూ లేదు.

ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. తర్వాత మొదలుపెట్టాడు. ఆయన మేకతో మొదలుపెట్టలేదు కానీ, దాదాపు అంతే దూరంలో, నారింజ తోటతో మొదలుపెట్టాడు. సగం నాకు అర్థం కాలేదు. "మళ్ళీ చెప్పండి" అన్నాను. ఇంకోసారి అన్నాను. విసుగులేకుండా చెప్పాడు. తోట దగ్గర గట్టు ఎక్కితే ఆయాసం, సాయంత్రానికి కాళ్ళు పొంగడం, కొడుకులకు తెలిస్తే తోట అమ్మేయమంటారని దాచడం. మేడమ్ గడియారం చూసుకుంటోంది. అయినా నేను ఆయన ముఖంమీంచి చూపు తీయలేదు.

టైమైపోయింది. నేను విన్నది మేడమ్‌కు చెప్పాను, తడబడుతూ, ఉచ్చారణ తప్పుతూ. ఆమె కాగితంమీద ఏదో గీసింది.

"మందులేవైనా పడవా అని అడగలేదు. అది ముఖ్యం. దానికి మార్కులు పోయాయి" అంది.

నేను లేవబోయాను.

"కానీ మూడు రోజులుగా ఈయన కాళ్ళ సంగతి మాకెవరికీ చెప్పలేదు" అని పెద్దాయన వైపు చూసింది. "దగ్గు అని మాత్రమే చెప్పాడు. సోమవారం నుంచి వార్డుకి రా."

స్తోత్రం అనే మాట ఎంత గట్టిగా వచ్చిందో నాకు తెలియదు. తలుపు సందులోంచి టెక్కలి అమ్మాయి, తర్వాతి వంతు తనదే, కళ్ళు పెద్దవి చేసి చూస్తోంది. నేను లేచి, మేడమ్‌కు వంగి నమస్కరించి, తలుపు వైపు పరుగులాంటి నడక మొదలుపెట్టాను.

వెనకనుంచి పెద్దాయన పిలిచాడు. "ఎటెల్తన్నావు గుంటా? ఆకలి సంగతి నానింకా సెప్పనేదు."

నేను మేడమ్ వైపు చూశాను. మేడమ్ గడియారం వైపు చూసింది, తలుపు వైపు చూసింది, పెద్దాయన వైపు చూసింది. పెన్ను మూత పెట్టేసింది.

కుర్చీ దగ్గరికి లాక్కుని మళ్ళీ కూర్చున్నాను.

"చెప్పండి తాతా" అన్నాను.